అవ్వ విన్న కథ

నారాయణఖేడ్,
14 జూన్ 1986.

గ్రేసక్కకు లిదియా రాసేది,

ముందుగాల అవ్వ సంగతి రాస్త, లేకపోతె ఊరి ముచ్చట్లు నీకు తలకెక్కయి. పోయిన వారం బర్రెకు కుడితి పెట్టవోయి అవ్వ దొడ్లె జారి పడ్డది. మోకాలు కింద ఎముక ఇరిగింది. భయపడకు. పిండికట్టు కట్టిండ్రు, నొప్పి తగ్గింది, తిట్లు పెరిగినయ్. బర్రెను తిడ్తది, దొడ్డిని తిడ్తది, నన్ను తిడ్తది. మూడు నెలలు మంచం దిగొద్దని డాక్టరు అన్నడు.

నేను పొద్దుగాల రుక్కమ్మ టీచరుతోని కలిసి మనూర్ బడికని బస్సెక్కితె మల్ల సాయంత్రమే కద ఇంటికి వచ్చుడు. పగలంత కన్నతల్లిని ఎవరు చూడాలె? దేవుడు మన ఇంట్లనే మనిషిని పెట్టిండు. మన ముందటి అర్ర కిరాయికి తీసుకున్న మైకుసెట్టు దేవానందం గురించి సంక్రాంతప్పుడు రాసిన గుర్తున్నదా? పెండ్లిళ్ళకు, సభలకు మైకు, లైట్లు పెడ్తడు. అవ్వ పడ్డప్పుడు చేతుల మీద ఎత్తుకొని దవాఖానకు తీస్కపోయింది ఆయనే. ఇగ అప్పటికెల్లి పగటీలి దుకాణం తలుపు దగ్గరేసి అవ్వ మంచం కాడ కూసుంటడు. నీళ్ళు ఇస్తడు, గంజి కాస్తడు. తురకోళ్ళు వస్తె ఉర్దూ, బీదర్ దిక్కోళ్ళు వస్తె కన్నడం, అవ్వతోని మాత్రం అచ్చం అవ్వ లెక్కనే మాట్లాడ్తడు.

అన్నిటికంటె పెద్ద ముచ్చట ఇను. వారపత్రికల నీ సీరియల్ అవ్వకు సదివి వినిపిస్తుండు! మైకుల మాట్లాడే గొంతు కద, పక్కింటోళ్ళు గుడ వచ్చి గోడకాడ నిలవడ్తరు. అందరికి నీ శ్రీకర్ మీదనే పానం. అవ్వ అంటది, "గా పిలగాడు ఎంత మంచిగ మాట్లాడ్తడే, వాణ్ణి చెడ్డోడని ఎందుకంటరు?" నేనైతే సదువుతలేను. వారం వారం ఆగుడు నాతోని కాదు, కథ మొత్తం అయిపోయినంక ఒక్కతాపనే సదువుత. నువ్వే చెప్పినవ్ కద నాకు ఓపిక లేదని.

బావకు వందనాలు. చిన్నోనికి ముద్దులు.

నీ లిదియా


సికింద్రాబాద్,
25 జూన్ 1986.

నా బంగారు చెల్లె లిదియాకు,

నీ ఉత్తరం వార్డులనే నిలవడి సదివిన. అవ్వకు పాలు, గుడ్డు తప్పకుండ పెట్టు. పిండికట్టు కింద దురద పెడ్తె పుల్ల పెట్టి గోకనియ్యకు, పుండైతది. నాకు సెలవు అడిగితె ఇప్పుడు దొరుకుతలేదు. ఇద్దరు నర్సులు కాన్పులకు పోయిండ్రు, డ్యూటీలు డబ్బల్ అయినయ్.

నేను రాసింది మా అవ్వ చెవుల పడ్తున్నదంటె నాకు ఏడుపొచ్చింది లిదియా. ఇన్నేండ్లు రాసిన, ఆమెకు అక్షరం రాదు, ఆమె వింటదని ఎన్నడు అనుకోలే. సదివినాయనకు నా తరఫున చెయ్యెత్తి దండం పెట్టు.

శ్రీకర్ ముచ్చట అడగకు, ఇక్కడ గుడ అదే గోల. ఆడపిల్లలు ఉత్తరాలు రాస్తుండ్రు, నా కథల పిల్ల నీరజకు వాణ్ణిచ్చి పెండ్లి చెయ్యమని. ఎడిటరుకు ఖుషి. నాకేమొ లోపల భయమైతది. వాడు ఎట్ల పుట్టిండో చెప్పనా? పెద్ద అబద్ధాలు ఆడేటోడు కాదు వాడు. ఎవల పక్కన కూసున్నా, వాళ్ళకు జీవితంల ఏది తక్కువైందో పసిగడ్తడు. అది తెచ్చి చేతుల పెడ్తడు. తల్లి లేనిదానికి తల్లిప్రేమ, మాట్లాడేటోళ్ళు లేనిదానికి మాట. చెయ్యి నిండినంక మిగిలినోళ్ళను ఒక్కొక్కరిని మెల్లగ దూరం చేస్తడు. ఇప్పటికి నీరజ దోస్తును దూరం చేసిండు. ఇగ ముందుకు ఏం చేస్తడో నాకే సరిగ తెల్వదు.

అది సరే. ఈ దేవానందం ఎవల పిలగాడు? అసలు ఊరేది? అవ్వ, అయ్య ఉన్నరా? మన ఇంట్ల పగలంత ఉంటుండంటున్నవ్ కద, అడుగుడు నా ధర్మం. నారాజ్ కాకు.

మీ బావ అడిగినట్టు చెప్పమన్నడు.

నీ అక్క
గ్రేసమ్మ


నారాయణఖేడ్,
20 జూలై 1986.

అక్కకు,

జవాబు రాయాల్నా వద్దా అని చాన రోజులు ఆలోచించి రాస్తున్న.

నీ ఉత్తరం పోస్టుమాన్ దేవానందం చేతికిచ్చి పోయిండు. అవ్వ ఆగలేక దేవానందంతోనే సదివిపిచ్చుకున్నది. నేను వచ్చేసరికి అవ్వ ముఖం గోడ దిక్కు ఉన్నది. ఆయన నవ్వుకుంట, "మీ అక్క అడిగిందాంట్ల తప్పేమున్నది టీచరమ్మా, ఊరు పేరు లేనోన్ని ఇంట్ల పెట్టుకుంటె ఎవరైన అడుగుతరు" అన్నడు. నవ్వుతున్నడు గాని కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ మలమూత్రాలు ఎత్తిపోసింది ఆయన కద అక్కా. నువ్వు కాదు, నేను గుడ కాదు.

అదొక్కటైతె ఇడ్సిపెడ్దు. నీ సీరియల్‌ల అవ్వ మీద ఎందుకు గట్ల రాస్తున్నవ్? నేను సదవలే, సదవను గుడ. "మీకు బాధైతది, మీరు సదవకుండ్రి, అవ్వకు గుడ నేను గా మాటలు దాటేసి సదువుతున్న" అని ఆయన చెప్పిండు. చెప్పనన్నడు గాని నేనే ఒట్టు పెట్టి చెప్పిచ్చుకున్న. అవ్వ మాత్రం గ్రహించింది. నీ పేరెత్తితె మాట్లాడుతలేదు. తప్పిపోయిన నా జహీరాబాద్ సంబంధం ముచ్చట గుడ అందుల కలిపినవంట. పట్నంల నీకు రాయనీకి వేరే ఏం దొరకలేదా?

రుక్కమ్మతోని బస్సుల పోవుడు బందు చేసిన. నేను దేవానందంతోని మాట్లాడుతనని బడి అంతా చెప్పుకుంట తిరుగుతున్నదంట. నా ముఖం మీద ఒక్క మాట అనదు, ఎనుక మాత్రం గిట్ల. ఇప్పుడు ఆయనే పొద్దుగాల మోటరుసైకిల్ మీద దించి వస్తుండు.

అవ్వ కాలు మంచిగనే ఉన్నది.

లిదియా


సికింద్రాబాద్,
29 జూలై 1986.

లిదియాకు,

నువ్వు రాసిన మాటలు నాకు గుచ్చుకున్నయి. నేను రాసిన ఉత్తరం నువ్వు సదవకముందే పరాయోడు ఎందుకు సదవాలె? సరే, అవ్వ అడిగింది కాబట్టి సదివిండనుకుంట.

అవ్వ ఎందుకు నొచ్చుకున్నదో ఇప్పుడు నాకు తెలిసింది. సీరియల్‌ల గా ముసలామె, పిసినారిది, ఎప్పుడు సణుగుకుంట ఉంటది కద, ఆమె ముచ్చట విని అవ్వ తనే అనుకున్నట్టున్నది. కాదని చెప్పు. ఆమె మా వార్డుల పోయినేడు ఉన్న ఒక మరాఠీ ముసలామె. అరటిపండు గుడ దిండు కింద దాచుకునేది. నవ్వు కోసం రాసిన. అవ్వ మనసు కష్టపెట్టాలని కాదు. తప్పైతె నన్ను మన్నించుమని చెప్పు. ఇగ ముందు ఆ ముసలామెను కథలకెల్లి తీసేస్త.

జహీరాబాద్ సంబంధం ముచ్చట నాకు అర్థం కాలే. నీరజకు ఒక సంబంధం తప్పుతది, నిజమే. సంబంధాలు తప్పుడు ఎవరి ఇంట్ల లేదు? ప్రతీది నీ మీదికే తీసుకుంటె నేనేం రాయాలె?

రుక్కమ్మ అట్ల అనే మనిషి కాదు. నీ పక్కన రెండేండ్లు బస్సుల కూసున్నది. ఒక్కసారి ఆమెనే అడుగు.

గ్రేసమ్మ


నారాయణఖేడ్,
18 ఆగస్టు 1986.

గ్రేసమ్మకు,

తప్పు ఒప్పుకున్నవ్. సంతోషం. దేవానందం ముందే చెప్పిండు, "చూడుండ్రి, వేరే ఎవరినో అని చెప్పి తప్పించుకుంటది" అని. నువ్వు గదే చేసినవ్.

వార్డు ముసలామె అంటున్నవ్ కద. మరి తవుడు కుండల గుడ్లు దాచిపెట్టి, బిడ్డలకు పెట్టకుంట అమ్ముకునే తల్లి మీ వార్డుల ఉన్నదా? "బిడ్డకు పెండ్లయితె నన్నెవరు చూస్తరు" అని వచ్చిన సంబంధానికి అడ్డం పుల్ల పెట్టిన తల్లి మీ వార్డుల ఉన్నదా? తవుడు కుండల గుడ్ల ముచ్చట మన ముగ్గురికి తప్ప లోకంల ఎవరికెరుక? అవ్వ ఇప్పుడు నన్ను గుడ నిలదీసి అడుగుతున్నది, "నువ్వే చెప్పినవా మీ అక్కకు, నేను నీ పెండ్లి చెడగొట్టిన్నని?" అని. నేను అవ్వను సూసి అనుకుంట, నిజంగనే చెడగొట్టిందా అని. ఇంట్ల ఇద్దరం ఉన్నం, మాటల్లేవు. ఇద్దరం మాట్లాడేది ఆయనతోనే.

ఇగ నీకు తెల్వాలె కాబట్టి రాస్తున్న. నేను దేవానందాన్ని చేసుకుంటున్న. వచ్చే నెలనే. బీదర్ దిక్కు ఆయన ఊర్ల, నలుగురి ముందు. అవ్వను గుడ తీస్కపోతం. బడికి రాజీనామా రాసి పెట్టిన, ఇంక ఇయ్యలే. నువ్వు రాకు. నిన్ను చూస్తె అవ్వ తట్టుకోదు.

లిదియా


సికింద్రాబాద్,
23 ఆగస్టు 1986.

లిదియా,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండ మనూర్ బడికి రాస్తున్న. ఆగస్టు మొదట్ల ఇంటికి రాసిన రెండు ఉత్తరాలకు నీ జవాబుల ఊసే లేదు. నీకు అందినయా? అందలేదని నా మనసుకు అనిపిస్తున్నది.

కోపం పక్కన పెట్టి జర నిదానంగ సదువు.

నా సీరియల్‌ల తల్లి లేదు.

నీరజకు తల్లి పురిట్లనే చచ్చిపోయింది. మొదటి వారంల మొదటి పేజీలనే ఉన్నది. కథ అంతా తల్లి లేని పిల్ల కథ. శ్రీకర్ ఆమెను పట్టుకున్నదే ఆ తావుల. పిసినారి ముసలామె నీరజకు మేనత్త, ఆమెకు పిల్లలే లేరు. గుడ్లు లేవు, తవుడు కుండ లేదు, సంబంధం చెడగొట్టిన తల్లి లేదు. అక్షరం గుడ నేను రాయలే.

గుడ్ల ముచ్చట నిజమే. మనిద్దరికి పెట్టకుంట అవ్వ గుడ్లు దాచింది, అమ్మింది. ఎందుకో నీకు ఎరుక. నన్ను నర్సు ట్రైనింగుకు తోలనీకి. గా ముచ్చట నేను కథల్ల రాయలే, మీ బావకు గుడ సగమే చెప్పిన. మరి ఆయన నోట్లెకు ఎట్ల వచ్చింది? అవ్వనే చెప్పి ఉంటది. మంచం మీద పండుకొని, మనసు కలిసి, ప్రేమగ చెప్పుకొని ఉంటది. గా ప్రేమనే ఆయన తిప్పి అవ్వ గుండెల దించిండు. జహీరాబాదోళ్ళు తమంతట తామే ఒద్దనుకున్నరు, మీ బావ ఎదురుంగనే అన్నరు. అవ్వ అప్పుడు మూడు రోజులు తినలే.

నా మాట నమ్ముమంటలేను. ఇప్పుడు నేనేం చెప్పినా నీకు ఆయన ముందే చెప్పి పెట్టి ఉంటడు. నీ చెవుల్నే నమ్ము. ఒకనాడు పగటీలి, చెప్పకుంట ఇంటికి పో. ఆయన సదువుతుంటె విను. తర్వాత అదే పేజీ నీ కండ్లతోని సదువు. రెండు ఒక్కటే ఐతె నన్ను జన్మల పిలవకు.

లిదియా, నాకు ఒక భయం పట్టుకున్నది. నీతోని తప్ప ఎవరితోని చెప్పలేను. మెల్లగ దూరం చేస్తడని వారం వారం రాసిన. నా కథను చేతుల పట్టుకొని కూసున్నోడు, అందులకెల్లే నేర్చుకొని, మా అవ్వ మీదనే చేసిండా? నాకు అన్నం పోతలేదు.

సెలవు ఇచ్చినా ఇయ్యకున్నా సెప్టెంబరు పదిహేను లోపల నేను వస్తున్న.

నీ అక్క


మనూర్ బడికెల్లి,
4 సెప్టెంబరు 1986.

అక్కా,

పిల్లలు ఆటకు పోయిండ్రు. నేను తరగతిల కూసొని రాస్తున్న.

నీ ఉత్తరం సదివి ముందు చింపేద్దామనుకున్న. "నా సీరియల్‌ల తల్లి లేదు" అన్న మాట దగ్గర ఆగిన. ఇంత పెద్ద అబద్ధం ఎవరాడ్తరు, పుస్తకం తెరిస్తె తెలిసిపోయేది? తెరవనీకి ఎందుకు భయపడుతున్న నేను? పదిహేను రోజులు కాదు, మూడు నెలలకెల్లి ఆ పత్రిక మన ఇంట్ల ఉన్నది. నేను ముట్టలే. ముట్టొద్దన్నందుకు ముట్టలే.

మొన్న మంగళవారం పొద్దుగాల ఆయన నన్ను బడికాడ దించిపోయిండు. పెద్దసారుకు ఒంట్ల బాగలేదని చెప్పి పగటి బస్సుకు మల్లొచ్చిన. బజారు దిక్కు పోకుంట దొడ్డి దారిన వచ్చి, అవ్వ అర్ర కిటికీ కింద కట్టెల మోపు పక్కన కూసున్న. నా ఇంట్ల నేనే దొంగ లెక్క.

ఆయన సదువుతున్నడు. ఎంత మంచి గొంతు అక్కా. తల్లి మాటలు తల్లి లెక్క, బిడ్డ మాటలు బిడ్డ లెక్క. "నువ్వు ఎల్లిపోతె నన్ను ఎవరు చూస్తరే? నీ పెండ్లి కావద్దనే నేను మొక్కుకున్న" అని తల్లి అన్నట్టు సదివిండు. అవ్వ ఏడుపు వినవడ్డది.

"నేను ఎన్నడన్న గట్ల అన్ననారా నాయినా?"

"నువ్వెందుకంటవ్ అవ్వా? నాకు తెల్వదా నీ మనసు? పట్నంల కూసొని రాసేటోళ్ళకు ఏం తెలుస్తది. ఇడ్సిపెట్టు. ఇగ సదవను నేను, నిన్ను ఏడిపిచ్చుడు నాతోని కాదు."

"లేదు బిడ్డా, సదువు. ఇంక ఏమేం రాసిందో నాకు తెల్వాలె."

చూసినవా? తను సదవనంటడు, అవ్వతోనే సదువుమనిపిస్తడు.

నేను లేచి లోపటికి పోయిన. నన్ను చూసి ఆయన ఉలిక్కిపడలే. "అరె టీచరమ్మా, జల్దీ వచ్చినవ్, తలనొప్పా?" అన్నడు. నేను పత్రిక గుంజుకున్న. "ఏ పేజీ? ఇప్పుడు సదివిన మాట మల్ల సదువు" అన్న.

ఆయన నిదానంగ లేచి నా పక్కన నిలవడి, పేజీ మీద వేలు పెట్టిండు. వేలు ఒక్కొక్క అక్షరం మీద జరుపుకుంట, "నీ పెండ్లి కావద్దనే నేను మొక్కుకున్న" అని మల్ల అదే సదివిండు. అదే గొంతు, ఒక్క మాట తేడా లేదు. వేలి కింద ఏమున్నదో తెలుసా అక్కా? "కాకరకాయలు అరకిలో, చింతపండు నిమ్మకాయంత." వంటల పేజీ. సదివి, నా ముఖంలకు చూసి నవ్విండు. "నువ్వే చెప్పు టీచరమ్మా, నేను తప్పు సదివిన్నా?" అన్నడు.

అవ్వకు అక్షరం రాదు. గా అర్రల సదవొచ్చినోళ్ళం ఇద్దరమే. నేను అవునంటె అవును. నన్ను తన పక్కకు గుంజుకుంటుండు, అవ్వ ముందటనే.

"అవ్వా, ఇక్కడ కాకరకాయ పులుసు రాసి ఉన్నది. తల్లి లేదు, ఎవరు లేరు" అన్న. అవ్వ నా దిక్కు చూడలే. ఆయన దిక్కు చూసింది.

అప్పుడు ఆయన ఏడ్చిండు. కింద కూలవడి, అవ్వ మంచం కోడు పట్టుకొని, చిన్న పిల్లగాని లెక్క. "నిజమే, అబద్ధం సదివిన. మీ అక్క వచ్చి నిన్ను తీస్కపోతదని భయపడి సదివిన. నాకు ఎవరున్నరు టీచరమ్మా? అవ్వ అని పిలవనీకి నాకు ఇంకెవరున్నరు?" అన్నడు. నీతోని అబద్ధమెందుకు, నా మనసు కరిగిపోయింది. కోపం అంతా నీళ్ళయింది. వంగి భుజం మీద చెయ్యి వెయ్యబోయిన.

ఆయన మోకాలి పక్కన చాయ్ గిలాస ఉన్నది. వెక్కి వెక్కి ఏడ్చుకుంటనే, దాని దిక్కు చూడకుంటనే, ఒలకకుండ గా గిలాసను రెండు వేళ్ళతోని మెల్లగ పక్కకు జరిపిండు. జరిపి, మల్ల ఏడ్చిండు.

నా చెయ్యి గాలిలనే ఆగింది. నేను గట్ల ఏడ్చిన రోజున నాకు కండ్ల ముందు గోడ గుడ కనవడలే. ఈయనకు గిలాస కనవడ్తున్నది.

"లే. సామాను తీసుకొని పో" అన్న.

లేచిండు. కండ్లు తుడుచుకున్నడు. అంతే, ముఖం మామూలుదైంది. "నీ ఇష్టం" అన్నడు. సాయంత్రం వరకు జీపుల మైకుసెట్టు ఎక్కిచ్చిండు. గల్లీల ఇల్లిల్లు తిరిగి అందరికి చెప్పిపోయిండు. ఏం చెప్పిండో ఏమో, ఆడోళ్ళంత వచ్చి నన్నే నిలదీసిండ్రు. "ముసలిదానికి ఎత్తిపోసినోన్ని ఎల్లగొడ్తవా?" అని.

అవ్వ అయితే నన్ను తిడ్తలేదు. తిడ్తె బాగుండు. నిన్న రాత్రి అన్నం ముట్టలే, ఇయ్యాల పొద్దుగాల గంజి ముట్టలే. "అబద్ధమైతేంది? పగలంత నా దగ్గర కూసున్నది వాడొక్కడే" అన్నది ఒక్క మాట. దానికి నువ్వే వచ్చి జవాబు చెప్పు అక్కా.

జల్దీ రా.

లిదియా


సికింద్రాబాద్,
16 సెప్టెంబరు 1986.

చెల్లెకు,

మీ దగ్గరికెల్లి మల్లొచ్చేటప్పుడు బస్సు జోగిపేట దాటేదాక ఏడుస్తనే ఉన్న. పక్క సీటాయన ఎవరో చచ్చిపోయిండ్రనుకొని నాకు నీళ్ళిచ్చిండు.

అవ్వ నాతోని మాట్లాడినందుకు సంతోషపడాల్నా, గా మాట విని బాధపడాల్నా తెలుస్తలేదు. నువ్వు బయటికి పోయినప్పుడు అన్నది, "నువ్వు రాసింది గిది కాదంటవ్. మరి వాడు సదివినంత మంచిగ ఎందుకు రాయవే?" అని. నవ్వాల్నా ఏడ్వాల్నా లిదియా? వాని కథల అవ్వ ఉన్నది. నా కథల అవ్వ లేదు. అంతే కద ముచ్చట. చెడ్డదాన్ని చేసైనా ఆమెను కథల కూసోవెట్టింది వాడు.

అందుకే ఆ మంచం కాడ రెండు రోజులు నా కథ సదివిన. నాకు వాని గొంతు లేదు. అవ్వ ఆవులించింది. అయినా చెయ్యి మాత్రం నా చేతులనే పెట్టి ఉంచింది.

ఇక్కడ ఎడిటరు పట్టుబట్టిండు. శ్రీకర్ మారాలె, పశ్చాత్తాపపడాలె, నీరజను చేసుకోవాలె, పాఠకులు గదే అడుగుతుండ్రు అంటుండు. లేకపోతె బండి కింద పడి చచ్చిపోవాలె, రెండే దారులు అంటుండు. కలం పట్టుకుంటె నాకు దేవానందం ముఖమే కనవడ్తున్నది, నేను వాణ్ణి చూడనన్న చూడలే. నేను రాసిందే వాడు నేర్చుకున్నడన్న ముల్లు ఇంక దిగలే. రాసుడే బందు వెడ్తనేమో అనిపిస్తున్నది.

నువ్వు వాణ్ణి చూసినదానివి. నువ్వే చెప్పు, వాణ్ణి ఏం చెయ్యాలె?

నీ అక్క గ్రేసమ్మ


నారాయణఖేడ్,
11 అక్టోబరు 1986.

మా కథల అక్కకు,

అవ్వ పిండికట్టు ఇప్పిండ్రు. కర్ర పట్టుకొని వాకిలిదాక వచ్చింది, బర్రెను చూసి మల్ల తిట్టింది. నీ పత్రిక ఇప్పుడు నేనే సదువుతున్న. రుక్కమ్మ గుడ ఆదివారం వచ్చి సదువుతది. ఆమె నా గురించి బడిల ఒక్క మాట గుడ అనలే అక్కా. నేను ఆమె గురించి ఏదో అన్నానని ఆయన ఆమెకు చెప్పిండంట. ఇద్దరం ఒక్క బడిలనే ఉండి ముఖాలు చూసుకోకుంట నెలన్నర గడిపినం, మతిలేనోళ్ళం. అవ్వ మాత్రం ఇంక, "గా పిలగాడైతె మంచిగ సదువు" అంటది. అననీ. ఒకనాడు మానుతదేమో, మానదేమో.

నీ ముల్లు సంగతి. వాడు నీ కథల నేర్వలే అక్కా. రుక్కమ్మ చుట్టాలు కల్హేర్‌ల ఉన్నరు. అక్కడ మైకుసెట్టు పెట్టిండని తెలిసింది. ఇంతకుముందు ఔరాద్ దిక్కు గుడ ఒక ఇంట్ల గిట్లనే ఉండి పోయిండంట, నీ సీరియల్ మొదలుగాక ముందే. అక్కడ సదివింది కథ కాదు, బైబిలు. నువ్వు వాణ్ణి చూడకుంటనే చూసి రాసినవ్. రాసుడు బందు వెట్టకు.

శ్రీకర్‌ను చంపకు. మార్చకు గుడ. అసుంటోళ్ళు చావరు, మారరు, ఇంకో ఊరికి పోతరు. వాణ్ణి పోనీ. నీరజ ఏం చేస్తదో రాయి.

నేను చేసింది చెప్త. అంగడి రోజు కల్హేర్ పోయిన. వీరప్ప అనే ఆయన ఇంట్ల దిగిండు వాడు. వీరప్పకు చూపు ఆనదు, భార్య లేదు. బిడ్డ కాశమ్మ, ఇరవయ్యేండ్లుంటయి, వాకిట్ల కుట్టు మిషను తొక్కుతున్నది. దేవానందం ఏదో సభకు మైకు కట్టనీకి పోయిండు. నేను పేరు చెప్పేలోపే పిల్ల నవ్వింది.

"నువ్వు నారాయణఖేడ్ టీచరమ్మవే కద? వస్తవని ఆయన ముందే చెప్పిండు."

"ఏమని చెప్పిండు?"

"ఆయన నిన్ను పెండ్లి చేసుకోనన్నందుకు నీ మనసు చెడిందని. వచ్చి ఆయన మీద చాడీలు చెప్తవని. అబద్ధాలు సదువుతడని అంటవంట." పిల్లకు నా మీద కోపం లేదు, జాలే. "ఆమె ఏం అన్నా ఎదురు చెప్పకు, మర్యాదగ చాయ్ పొయ్యి, పాపం మంచామె అన్నడు."

చాయ్ పోసింది. నేను తాగిన. ఏం చెయ్యాలె అక్కా? నేను బస్సుల నేర్చుకుంట పోయిన మాటలన్ని వాడు ముందే చెప్పి పోయిండు. నా నోట్ల ఏది వచ్చినా వాని మాటనే నిజమైతది. గిలాస పెట్టి లేచిన, పిల్ల మల్ల మిషను తొక్కవట్టింది. గడప దాటుతుంటె ఒక్కటి తోచింది.

"చెల్లె, ఆయన మీద నేనేం చెప్పను" అన్న. "ఒక్కటి అడుగుత. జవాబు గుడ నాకు వద్దు, నీకు నువ్వే చెప్పుకో. ఈయన వచ్చినంక నువ్వు ఎవరితోని మాటలు బందు చేసినవ్?"

మిషను ఆగింది.

పిల్ల ముఖంల నవ్వు అట్లనే ఉన్నది గాని, కండ్లు ఎదురింటి దిక్కు పోయినయ్. ఎదురిల్లు వాళ్ళ అన్న చంద్రప్పది. తలుపు దగ్గరేసి ఉన్నది.

"ఆడు... మా నాయినను గుడ్డోడన్నడంట" అన్నది మెల్లగ.

"నువ్వు విన్నవా?"

నేను ఇంకేం అడగలే. బస్సు కాడికి వచ్చేసిన.

బస్సు గల్లీ మూల మలిగేటప్పుడు కిటికీలకెల్లి చూసిన. కాశమ్మ మిషను ఇడ్సి వాకిలి బయటికి వచ్చింది. కొంగుకు చేతులు తుడుచుకున్నది. ఇటు చూసింది, అటు చూసింది. బజారు దాటి, అన్న తలుపు మీద చెయ్యి పెట్టింది.

నీ చెల్లె
లిదియా